ఎస్‌జీపీటీ రెండు వైపులా పనిచేస్తుంది

కాలేయ పరీక్ష రిపోర్టులో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అంకెలు పెరిగితే కంగారుపడతాం. అవి కణాల లోపల పనిచేయాల్సిన ఎంజైములు. కణం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి ఎక్కువగా కారతాయి. లోపల వాటి పని ప్రొటీన్‌కు ముడిసరుకైన అమైనో ఆమ్లాలను విడగొట్టడం, కావాలంటే తయారుచేయడం.

మన ఒంట్లో రోజుకు సుమారు 250 నుంచి 300 గ్రాముల ప్రొటీన్ విరిగి మళ్లీ తయారవుతుంది. తినేది మాత్రం 60, 70 గ్రాములే. విరిగిన అమైనో ఆమ్లాల్లో చాలావరకు తిరిగి వాడుకలోకి వస్తాయి. కొవ్వును దాచుకున్నట్టు మిగిలినవాటిని దాచుకునే ఏర్పాటు లేదు. వాటి కార్బన్ భాగం గ్లూకోజుగానో కొవ్వుగానో మారుతుంది, లేదా శక్తి కోసం ఖర్చయిపోతుంది. చిక్కంతా నత్రజనితోనే.

ఎస్‌జీపీటీ అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నత్రజని ఉన్న భాగాన్ని, అంటే అమైనో సమూహాన్ని తీసి ఆల్ఫా కీటోగ్లుటరేట్ అనే పదార్థానికి ఇస్తుంది. అలనిన్ పైరువేట్ అవుతుంది, కీటోగ్లుటరేట్ గ్లుటమేట్ అవుతుంది. ఇదే చర్య వెనక్కీ నడుస్తుంది: గ్లూకోజు నుంచి వచ్చిన పైరువేట్‌కు అమైనో సమూహం చేరితే అలనిన్ సిద్ధం. ఎస్‌జీఓటీ కూడా అలాగే ఆక్సలో అసిటేట్ నుంచి ఆస్పార్టేట్ అనే మరో అమైనో ఆమ్లాన్ని చేస్తుంది. అందుకే అలనిన్, ఆస్పార్టేట్ తిండిలో లేకున్నా గడుస్తుంది. లైసిన్, ట్రిప్టోఫాన్ వంటి తొమ్మిది అమైనో ఆమ్లాలకు మాత్రం తిండే దిక్కు.

ఈ ఎంజైములకు బి6 విటమిన్ తోడుండాలి. క్షయ మందు ఐసోనియాజిడ్ దాన్ని తగ్గిస్తుంది కాబట్టే పైరిడాక్సిన్ (బి6) మాత్ర కలిపి ఇస్తారు. మద్యం వల్ల కాలేయం చెడినవారిలో తరచూ ఎస్‌జీఓటీ అంకె ఎస్‌జీపీటీ అంకెకు రెట్టింపు దాటుతుంది. బి6 లోటు ఎస్‌జీపీటీనే ఎక్కువ దెబ్బతీయడం అందుకు ఒక కారణం. ఇక ఎస్‌జీఓటీ కండరాల్లోనూ ఉంటుంది. ముందురోజు గట్టిగా వ్యాయామం చేసినా పెరగొచ్చు. ఆ ఒక్క అంకె చూసి కాలేయాన్ని అనుమానించడం తొందరపాటే.

గ్లుటమేట్‌లో చేరిన నత్రజని కాలేయంలో అమోనియాగా విడుదలవుతుంది. అది మెదడుకు విషం. దాన్ని యూరియాగా మార్చే రసాయన చర్యల వలయాన్ని 1932లో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ వివరించారు. అందులో ఎంజైములు ఐదు: రెండు కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియాలో, మూడు దాని బయట. ఒక్కో యూరియా అణువులో రెండు నత్రజని పరమాణువులుంటాయి. ఒకటి అమోనియాది, రెండోది ఎస్‌జీఓటీ తయారుచేసిన ఆస్పార్టేట్‌ది. ఒక్క అణువుకు నాలుగు అధికశక్తి ఫాస్ఫేట్ బంధాలు ఖర్చు! విషం వదిలించుకోవడం చవక వ్యవహారం కాదు.

కాలేయం మచ్చలుపడి గట్టిపడే సిర్రోసిస్ ముదిరితే ఈ వలయం కుంటుపడుతుంది. అమోనియా పేరుకుపోయి, రాత్రి నిద్ర పట్టక పగలు మగతగా ఉండటం, చాచిన చేతులు ఉన్నట్టుండి జారి వణకడం, మాట తడబడటం కనిపిస్తాయి. అప్పుడిచ్చే లాక్టులోజ్ అనే మందు పేగులో ఆమ్లత్వాన్ని పెంచి, అమోనియాను రక్తంలోకి పోలేని అమోనియంగా మార్చి విరేచనంతో పంపేస్తుంది. ఇలాంటివారికి పప్పు, గుడ్డు మాన్పించడం పాత అలవాటు. దానివల్ల కండ కరుగుతుంది. అమోనియాను గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లంగా మార్చి కాలేయం భారాన్ని కొంత మోసేది ఆ కండే. అందుకే ఇప్పుడు వైద్యులు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ తినమంటున్నారు, పడుకునేముందు కూడా కొంచెం ఏదైనా తినమంటున్నారు.