బ్రిజిడ్: దేవత పేరు పనిమనిషి పేరైన వైనం

ఐర్లండ్‌లో 2023 నుంచి ఫిబ్రవరి మొదట్లో ఒక సెలవు కొత్తగా వచ్చి చేరింది. సెయింట్ బ్రిజిడ్ పండుగ సెలవు అది. ఒక మహిళ పేరిట ఆ దేశం ఇచ్చిన తొలి ప్రభుత్వ సెలవు కూడా అదే. ఇదే పేరును ఒకప్పుడు ఐరిష్ ఆడపిల్లలే వదిలించుకోవాలని చూశారు.

పేర్ల పుస్తకాలు తిరగేస్తే బ్రిజిడ్ అంటే ‘అగ్నిబాణం’ అని కనిపిస్తుంది. సుమారు 900 నాటి ఐరిష్ పదకోశం, కోర్మాక్ నిఘంటువు కల్పించిన వ్యుత్పత్తి అది. వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. భాషావేత్తలు చెప్పేది వేరు: ఐరిష్‌కు మూలమైన ప్రాచీన కెల్టిక్ భాషలోని ‘బ్రిగంతీ’, అంటే ఉన్నతమైనది. సంస్కృతంలో ‘బృహతి’ దానికి అక్కచెల్లెలు. మనం ‘బృహత్తర ప్రణాళిక’ అన్నప్పుడల్లా ఓ ఐరిష్ పిల్ల పేరుకు దూరపు చుట్టాన్ని పలకరిస్తున్నామన్నమాట.

కోర్మాక్ లెక్కలో బ్రిజిడ్ కవులు కొలిచే దేవత. ఆమెకు అదే పేరుతో ఇద్దరు తోబుట్టువులు, ఒకరిది వైద్యం, ఇంకొకరిది కమ్మరం. క్రైస్తవం వచ్చాక అదే పేరున్న సన్యాసిని ఐర్లండ్‌లోని కిల్డేర్‌లో మఠం కట్టించింది. ఆమె పండుగ ఫిబ్రవరి 1. వసంతాన్ని పిలిచే పాత పండుగ ఇంబోల్క్ కూడా ఆ రోజే. మఠానికి ‘నా వస్త్రం కప్పినంత నేల చాలు’ అని రాజును అడిగిందట. ఆయన సరేనన్నాడు, వస్త్రం మైదానమంతా పరుచుకుపోయింది. వామనుడి కథ విన్నవాళ్లకు ఆ రాజు ముఖం ఎలా ఉండి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

పండుగ ముందురోజు సాయంత్రం చిత్తడి నేలల్లో పెరిగే తుంగలాంటి పచ్చికాడలు తెచ్చి శిలువ అల్లుతారు. ఒక కాడను నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని నడిమికి మడిచి దాని మీదుగా వేసి, పావువంతు తిప్పి, మరొకటి. నాలుగు కొసలూ దారంతో బిగించి గుమ్మం పైన పెడితే ఇంటికి నిప్పు భయం ఉండదని నమ్మకం.

అంత పవిత్రమైన పేరు కనుకే చాలాకాలం ఆడపిల్లలకు పెట్టడానికి జంకారు. మగవాళ్లు మాత్రం ‘బ్రిజిడ్ దాసుడు’ అనే అర్థం వచ్చే మేల్ బ్రిగ్తె పేరు పెట్టుకునేవారు, మన రామదాసుల్లాగే. పదిహేడో శతాబ్దం నుంచి ఆ జంకు పోయింది, ఇంటికో బ్రిజెట్ (బ్రిజిడ్‌కు ఇంగ్లిష్ రూపం) తయారైంది.

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి కరువొచ్చింది. ఓడలెక్కి అమెరికా చేరిన పెళ్లికాని ఐరిష్ ఆడపిల్లల్లో చాలామంది న్యూయార్క్, బోస్టన్ ఇళ్లలో వంటకూ అంట్లకూ కుదిరారు. వాళ్లలో ఈ పేరువాళ్లు ఎందరంటే, అసలు పేరేదైనా సరే యజమానులు ‘బ్రిజెట్’ అనో, దాని పొట్టి రూపమైన ‘బిడ్డీ’ అనో కేకేసేవారు. మన చెవికి బిడ్డీ అంటే ముద్దుగానే ఉంటుంది. ఆ ఇళ్లలో దాని అర్థం పనిమనిషి. పత్రికల కార్టూన్లలోనైతే పింగాణీ పగలగొట్టే మొరటు మనిషి. కొందరు తమ పేరు డీలియా అని, బెర్తా అని చెప్పుకోవడం మొదలుపెట్టారు.