"తిరుపతికి పావుగంటే సార్": ఇల్లు కొనేవారి అపోహలు, వాస్తవాలు

బ్యాంకుల తరఫున ఇళ్లకు విలువ కట్టే ఇంజనీరుగా పద్దెనిమిదేళ్లుగా తిరుపతి చుట్టుపక్కల తిరుగుతున్నాను. టేపు పట్టుకుని గోడలు కొలుస్తుంటే, కొనబోయేవారు పక్కన నిలబడి సంతోషంగా చెప్పే మాట ఒకటుంది: "తిరుపతికి పావుగంటే సార్." ఈ నెలలో ఇప్పటికి ముగ్గురు చెప్పారు. ముగ్గురూ అడ్వాన్సు ఇచ్చేసినవారే. డ్యూటీ వేళకు ఆ దారిలో ఒక్కసారైనా వెళ్లి చూసినవారు మాత్రం వారిలో ఒక్కరూ లేరు.

అపోహ: తిరుపతికి దగ్గరైతే ఉద్యోగానికి దగ్గరైనట్టే.

వాస్తవం: ఆ పావుగంట ఎక్కడినుంచి ఎక్కడికి అని అడిగితే చాలా సందర్భాలలో సమాధానం రాదు. వెంచరు గేటు నుంచి ఊరి పొలిమేర వరకు, ఉదయం పదకొండు గంటలకు, బ్రోకరు కారులో లెక్కపెట్టిన పావుగంట అది. మీ డ్యూటీ పొలిమేరలో ఉండదు, పదకొండుకు మొదలవదు. పైగా మన ఊరి నైసర్గిక స్వరూపం వేరు. ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డుగా నిలిచాయి, దక్షిణాన స్వర్ణముఖి ఉంది, నడుమ రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చాయి. అందువల్ల ఊరు ప్రధానంగా తూర్పు పడమరలకే సాగింది. పడమటి కొసన చంద్రగిరి ఉంటే, తూర్పున రేణిగుంట, అక్కడి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, విమానాశ్రయం, ఇంకా ముందుకు పోతే ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ విద్యాసంస్థలు ఉన్నాయి. చంద్రగిరీ తిరుపతికి దగ్గరే, రేణిగుంటా తిరుపతికి దగ్గరే. కానీ ఒకచోట ఇల్లు, ఇంకొకచోట ఉద్యోగం పెట్టుకున్నవారు రోజుకు రెండుసార్లు ఊరంతా దాటాలి. 2023లో పూర్తిగా అందుబాటులోకి వచ్చిన శ్రీనివాస సేతు ఫ్లైఓవరు వల్ల ఊరి మధ్య కొంత వెసులుబాటు కలిగిన మాట నిజమే. అయితే మరే ఊరిలోనూ లేని యాత్రికుల రద్దీ మనకు ఉంది. సెలవు రోజులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వచ్చాయంటే నిన్నటి లెక్క నేడు పనికిరాదు.

ఒక దంపతుల సంగతి చెబుతాను. ఆమె ఊళ్లోని ఒక ఆసుపత్రిలో నర్సు, ఆయన రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అంకణం (ఇక్కడి స్థలం కొలత) ధర తక్కువని చంద్రగిరి దాటాక ఇల్లు కొన్నారు. లోను కోసం ఆ ఇంటికి విలువ కట్టింది నేనే. రెండున్నరేళ్ల తరువాత అదే ఇంటికి, ఈసారి కొత్తగా కొనేవారి లోను కోసం, మళ్లీ వెళ్లవలసి వచ్చింది. నైట్ డ్యూటీ ముగించుకుని వస్తూ ఆయన ఒకసారి బండి మీదనే కునుకు తీసి పడ్డారట; ఆ తరువాత ఆమె ఆ ఇంట్లో ఉండనని తేల్చి చెప్పేశారట. నలభై లక్షల ఇంటికి కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం చొప్పున మూడు లక్షలు కట్టారు. అమ్మేటప్పుడు అందులో ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు. ఇరవై ఏళ్ల లోనులో మొదటి సంవత్సరాల ఈఎంఐలో పెద్ద భాగం వడ్డీకే పోతుంది కనుక, రెండున్నరేళ్లు కట్టినా అసలు తరిగింది కొంచెమే. ఆ రోజు ఆమె నన్ను అడిగారు: "అన్నా, మీరు అప్పుడే ఒక మాట చెప్పుంటే?" గోడలు, పునాది, మార్కెట్ ధర చూడటం వరకే నా పని అని చెప్పబోయి ఊరుకున్నాను. అప్పటినుంచి అడగకపోయినా చెబుతున్నాను.

అపోహ: దూరమైతే ఏమి, పది లక్షలు మిగులుతున్నాయి కదా.

వాస్తవం: పది లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ దాదాపు 8,700 రూపాయలు అవుతుంది; దూరపు ఇల్లు నెలకు మిగిల్చేది అదే. ఇప్పుడు రెండో లెక్క చూడండి. ఇంటినుంచి ఉద్యోగానికి 25 కిలోమీటర్లు అనుకుంటే పోను రాను 50, నెలకు 25 రోజులకు 1,250 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు, పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుంటే, నెలకు తొమ్మిది వేలు దాటుతుంది. స్కూటరైతే మూడు వేల చిల్లర. కానీ వానలో, రాత్రి డ్యూటీలో, లారీల మధ్య స్కూటరు మీద ఎన్నేళ్లు పోగలరో మీకే తెలియాలి. పూటకు గంట చొప్పున ప్రయాణమైతే నెలకు 50 గంటలు, అంటే ఆరు డ్యూటీల కంటే ఎక్కువ. లోను ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది, ఈ ఖర్చు మాత్రం ఉద్యోగం ఉన్నంతకాలం ఉంటుంది. పది లక్షలు మిగలడం తప్పని నేను అనను. ఇంట్లో ఒక్కరే ఉద్యోగం చేస్తూ, కంపెనీ బస్సు వీధి చివరికి వస్తుంటే దూరపు ఇల్లే మేలు కావచ్చు. అయితే ఆ బస్సు కంపెనీది, మీది కాదు. శ్రీసిటీ పారిశ్రామికవాడకు తిరుపతి నుంచి బస్సులో పోయి వచ్చేవారు కంపెనీ మారితే ఇల్లు అక్కడే ఉంటుంది, బస్సు ఉండదు.

నా తప్పూ చెప్పాలి. నా మొదటి ఇల్లు ఒక రైల్వే గేటుకు అవతల కొన్నాను. మా మామగారు చూసి, "ఇల్లు బాగుంది గానీ గేటు పడితే ఏం చేస్తావు?" అన్నారు. రెండు నిమిషాలే కదా అన్నాను. ఒక రైలు పోయాక ఎదురు రైలు కోసం కూడా గేటు మూసే ఉంచుతారని అప్పుడు నాకు తోచలేదు. మా ఆవిడ బడి టీచరు. ఐదేళ్లు ఆమె హాజరు పట్టీలో పడిన ఆలస్యాలలో సగం ఆ గేటువే.

అపోహ: ఆరు వరుసల రోడ్డు పక్కనే ఉంది కాబట్టి ప్రయాణం సులువు.

వాస్తవం: పక్కన ఉండటం వేరు, రోడ్డెక్కగలగడం వేరు. మధ్యలో డివైడరు ఉన్న రహదారిలో మీ వైపు కానివైపు వెళ్లాలంటే అండర్‌పాస్ దాకా సర్వీసు రోడ్డు మీద పోవాలి. సర్వీసు రోడ్డు ఉందా, రాత్రి దీపాలు వెలుగుతాయా, రహదారి నుంచి ఇంటిదాకా ఉన్న ఆ చివరి కిలోమీటరు తారా, మట్టా అన్నది చూడండి. దారిలో వాగు, కల్వర్టు ఉంటే 2021 నవంబరులో ఏమయిందో అక్కడి పాతకాపులను అడగండి. ఆ వానలకు స్వర్ణముఖి పొంగి వంతెనలు దెబ్బతిన్నాయి, రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఊళ్లోనే రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్లు నిలిచి దారులు మూసుకుపోయాయి.

అపోహ: బ్యాంకు లోను ఇచ్చిందంటే చోటు మంచిదే.

వాస్తవం: అప్పు తిరిగి రాకపోతే ఆస్తి అమ్మి రాబట్టుకోవచ్చా లేదా అన్నదే బ్యాంకు చూస్తుంది. మీరు ఎన్నింటికి ఇల్లు చేరతారో చూడదు.

అపోహ: రిజిస్ట్రేషన్ అయితే చాలు. వాస్తవం: చాలదు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు, ఈసీ (ఆస్తిమీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), అమ్మకూడని భూముల నిషేధిత జాబితా అన్నీ చూసుకోవాలి. దీనిమీద లాయరుకు ఇచ్చే ఫీజు దండగ కాదు.

అపోహ: రైలు లైను డబ్లింగ్ (పక్కన రెండో లైను) వస్తోంది, ఇప్పుడే కొనాలి. వాస్తవం: తిరుపతి, పాకాల, కాట్పాడి డబ్లింగ్‌కు 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆమోదం అయిన రోజునే రైలెక్కించి మాట్లాడే బ్రోకర్లతో నాకు ఓపిక లేదు. ఈ రోజు నడుస్తున్న రైలు, బస్సుల వేళలనే మీ డ్యూటీ వేళలతో సరిచూసుకోండి.

ఈ నెలలో వచ్చిన ముగ్గురిలో ఒకరు అడ్వాన్సుగా యాభై వేలే ఇచ్చి ఉన్నారు. అగ్రిమెంటు రాయకముందే మూడు రోజులు, డ్యూటీకి పోయే వేళకు ఆ ఇంటి ముందునుంచి బయలుదేరి, ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లి, షిఫ్టు దిగే వేళకు తిరిగి రమ్మన్నాను. అందులో ఒకటి శనివారం కావాలన్నాను. రెండో రోజు సాయంత్రం ఫోను చేసి, "సార్, గంటా పది నిమిషాలు, ఇంకా ఇల్లు చేరలేదు" అన్నారు. శనివారం కూడా వెళ్లి చూడమన్నాను.