వరద సాయంలో పిల్లల పద్దు

తుపాను దాటిన మర్నాడు విశాఖ తీరపు జాలరిపేటలకూ, గెడ్డల (వాగుల) ఒడ్డున ఉన్న వాడలకూ ముందుగా చేరేవి పులిహోర పొట్లాలు, ఆ తర్వాత రేషన్ కార్డు చూసి ఇచ్చే బియ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ నగరం మీదుగా తీరం దాటిన తర్వాత ప్రభుత్వం కుటుంబానికి 25 కిలోల చొప్పున, మత్స్యకారులకూ నేతకారులకూ 50 కిలోల చొప్పున బియ్యం పంపిణీ చేసింది. ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉన్నా, ఎదిగిన కొడుకులున్నా కొలత ఒక్కటే. ఈ కొలతకు వెనుక చాలా పాత చరిత్ర ఉంది.

విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న కాలంలో వచ్చిన 1876-78 నాటి మహాకరువు తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక, 1883లో కరువు కోడ్ (కరువు సాయం నియమావళి) ముసాయిదా వెలువడ్డాయి. పని చేయగలవారికి కూలి, చేయలేనివారికి ఉచిత తిండి అన్నది వాటి మూలసూత్రం. అందులో బిడ్డకు ఇచ్చే రేటు పెద్దవారి రేటులో కొంత భాగం మాత్రమే. అంటే ఆ లెక్కలో బిడ్డ తక్కువ తినే మనిషి, అంతకు మించి ఏమీ కాదు. నేటి సాయం లెక్కల్లోనూ ఆ చూపు పూర్తిగా పోయిందని నేను అనుకోవడం లేదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పది వేల మందిని బలిగొన్న తర్వాత, ప్రభుత్వాల దృష్టి ప్రాణాలు కాపాడటం మీదికి మళ్లింది. తీరం వెంట తుపాను రక్షిత భవనాలు లేచాయి, ముందస్తు హెచ్చరికలు, ఖాళీ చేయించడం క్రమంగా పకడ్బందీ అయ్యాయి. గంటకు 180 కిలోమీటర్ల గాలితో వచ్చిన హుద్‌హుద్‌లో రాష్ట్రంలో మృతుల సంఖ్య వందకు లోపే ఉండటం ఆ కృషి ఫలితమే, దాన్ని తక్కువ చేయడానికి లేదు. అయితే ప్రాణం దక్కిన బిడ్డకు ఆ మరుసటి వారం ఏం కావాలన్న ప్రశ్న అంత త్వరగా ఎవరికీ తట్టలేదు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ కనీస సాయ ప్రమాణాలను చెబుతూ వితంతువులకూ అనాథలకూ ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలంది. తల్లిదండ్రులు బతికి ఉండి, ఇల్లూ బడీ నీళ్లలో మునిగిన బిడ్డ ప్రస్తావన అందులో విడిగా లేదు. (నిజానికి శిబిరాల్లో కనిపించే పిల్లల్లో ఎక్కువమంది వీరే.) ఆ సెక్షన్ కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కొంత ముందుకు వెళ్లాయి: పెద్దలకు రోజుకు 2,400 కిలో కేలరీలు, పిల్లలకు 1,700, పిల్లలకూ పాలిచ్చే తల్లులకూ పాలు, పాల పదార్థాలు, ముప్పై మందికి ఒక మరుగుదొడ్డి. కాగితం మీద ఇది మంచి మార్పే.

డబ్బు విషయంలో మాత్రం పాత చూపే కొనసాగింది. విపత్తు స్పందన నిధి 2015-20 నిబంధనల్లో, జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిని శిబిరం బయట ఉన్న కుటుంబాలకు రోజువారీ సాయం పెద్దవారికి 60 రూపాయలు, బిడ్డకు 45. ఇల్లు కొట్టుకుపోయినా, రెండు రోజులకు మించి మునిగినా బట్టలకొకటి, గిన్నెలకొకటి చొప్పున కుటుంబానికి రెండు పద్దులు ఉన్నాయి. 2022-26 నిబంధనల్లో అవి ఒక్కొక్కటి 2,500 రూపాయలు. తడిసిపోయిన పుస్తకాలకూ, అంగన్‌వాడీలో పాడైన బాలామృతం (పసిపిల్లల పోషకాహారం) ప్యాకెట్లకూ ఆ జాబితాలో పద్దు లేదు. ఆ నష్టం విద్యాశాఖ లేదా స్త్రీ శిశు సంక్షేమ శాఖ వాకిట్లోకి వెళ్తుంది. అక్కడ మళ్లీ ఇండెంటు (సరుకు కోరే పత్రం), మళ్లీ సరఫరా.

ఇందులో తరచూ మరుగున పడేది బడి భవనం. పునరావాస శిబిరం తెరవాలంటే రెవెన్యూ సిబ్బంది ముందుగా చూసేది ప్రభుత్వ పాఠశాలనే: పక్కా గోడలు, బోరు, మధ్యాహ్న భోజనం వండే షెడ్డు అక్కడే ఉంటాయి. నీరు తీసినా, ఇంట్లో బురద ఎండనివారు కొన్నాళ్లు తరగతి గదుల్లోనే ఉండిపోతారు. వారిని వెళ్లమనడం న్యాయం కాదు, బడి మూసి ఉంచడమూ న్యాయం కాదు. శిబిరం ఎన్ని రోజులు నడిచిందో రెవెన్యూ రికార్డుకు ఎక్కుతుంది, ఆ గదుల్లో ఎన్ని రోజులు పాఠాలు ఆగాయో మాత్రం సాయం లెక్కలో ఎక్కడా చేరదు.