పోటీ హ్యాంగ్ గ్లైడర్: నేను తరచూ వినే అపోహలు

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా మా బాబాయి అడిగే మొదటి ప్రశ్న, "ఇంకా ఆ ప్యారాచూట్ కట్టుకుని దూకుతున్నావా?" అని. ప్యారాచూట్ కాదు బాబాయ్, పారాగ్లైడర్ కూడా కాదు అని చెప్పి చెప్పి అలసిపోయాను. పారాగ్లైడర్‌కు ఎముకలుండవు, గాలి నిండితేనే ఆకారం వస్తుంది. హ్యాంగ్ గ్లైడర్‌కు అల్యూమినియం, కార్బన్ గొట్టాల చట్రం ఉంటుంది, దానిపై తెరచాప గుడ్డ బిగిస్తారు, పైలట్ కింద వేలాడుతూ ఎగురుతాడు. పోటీ రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 10 మీటర్లు, బరువు 35 కిలోల దరిదాపు.

అపోహ: అదొక పెద్ద గాలిపటం, గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

1970ల నాటి రోగాలో రెక్కల (తొలితరం త్రికోణపు గుడ్డ రెక్కల) గురించి ఈ మాట అంటే ఒప్పుకునేవాణ్ణి. అవి ఒక మీటరు కిందికి దిగేలోగా నాలుగు మీటర్లే ముందుకు పోయేవి. ఇప్పటి పోటీ రెక్కలు 15 మీటర్ల దాకా పోతాయి. దీన్నే గ్లైడ్ నిష్పత్తి అంటాం. 2012 జులై 3న డస్టిన్ మార్టిన్ టెక్సస్‌లోని సపాటా నుంచి ఇంజను లేకుండా 764 కిలోమీటర్లు ఎగిరాడు. వెనక నుంచి గాలి సాయం ఉన్న మాట నిజమే, కానీ ఎంత గాలి వీచినా గాలిపటం అంత దూరం పోదు.

అపోహ: పైలట్ ఎంత తేలికైతే అంత దూరం.

బరువు పెరిగినా గ్లైడ్ నిష్పత్తి దాదాపు మారదు, అదే వాలులో వేగంగా పోతారు. మొత్తం బరువు 10 శాతం పెరిగితే వేగం 5 శాతం పెరుగుతుంది. అందుకే బక్కపలచని పైలట్లు హార్నెస్‌లో (పైలట్‌ను రెక్కకు వేలాడదీసే పట్టీల తొడుగులో) అదనపు బరువు పెట్టుకోవడమూ ఉంది. థర్మల్ (పైకి లేచే వేడిగాలి) బలహీనంగా ఉన్న రోజున మాత్రం తేలికైనవాళ్లదే పైచేయి.

అపోహ: గుడ్డ ఎంత బిగిస్తే అంత మంచిది.

రెక్క తిరిగేదే గుడ్డలోని వదులు వల్ల. పైలట్ ఎడమకు జరిగితే మధ్య గొట్టం కూడా కొద్దిగా ఎడమకు జరుగుతుంది. ఎడమ గుడ్డ వదులై లిఫ్ట్ (పైకెత్తే బలం) తగ్గుతుంది, కుడి గుడ్డ బిగుస్తుంది. గుడ్డ బిగువు మార్చే వి.జి. తాడు లాగితే మొత్తం బిగిసి గ్లైడ్ మెరుగవుతుంది, మలుపు మాత్రం మొండికేస్తుంది. అందుకే థర్మల్‌లో తాడు వదులుతాం, నేరుగా పోయేటప్పుడు లాగుతాం.

అపోహ: రెక్క పైనున్న కింగ్‌పోస్ట్ అనే స్తంభాన్ని తీసేసింది సోకు కోసం.

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. ఈ రెక్కకు తోక లేదు. ముక్కు కిందికి పడితే మళ్లీ లేపే పని, వెనక్కి వాలి మెలి తిరిగిన కొసలదే. అయితే గుడ్డ కదా, ముక్కు బాగా దిగినప్పుడు వెనకంచు కూడా కిందికి జారిపోవాలని చూస్తుంది. పూర్వం కింగ్‌పోస్ట్ నుంచి వేలాడే తీగలు దాన్ని పట్టి ఉంచేవి. 1990లలో గాలి నిరోధం తగ్గించడానికి ఆ స్తంభాన్ని, పై తీగలను తీసేశారు. పైనుంచి పడే భారాన్ని రెక్కలో అడ్డంగా ఉండే కార్బన్ గొట్టం, క్రాస్‌బార్, మోస్తుంది. వెనకంచును గుడ్డ లోపల దాగిన స్ప్రాగ్ అనే కడ్డీలు ఆపుతాయి.

స్ప్రాగ్‌ను కాస్త దించితే అధిక వేగంలో గ్లైడ్ బాగుపడుతుంది. పైలట్లకు అదే ఆశ. ఒకసారి నేనూ మర తిప్పాను. చేత్తో పట్టుకుని నడిపే కంట్రోల్ బార్‌ను వెనక్కి లాగి పట్టుకుంటే చేతిని తిరిగి నెట్టే ఒత్తిడి తగ్గింది, హాయిగా అనిపించింది. ఆ హాయే ప్రమాదమని మా క్లబ్బులోని పెద్దాయన మందలించి, రెండు వైపులా మునుపటి కొలతకు తెచ్చేదాకా నన్ను కదలనివ్వలేదు. ఒత్తిడి పోయిన రెక్క అల్లకల్లోలమైన గాలిలో ముక్కు వైపు పల్టీ కొడితే చట్రం విరగవచ్చు. అందుకే పెద్ద పోటీల్లో స్ప్రాగ్ కోణాన్ని కొలుస్తారు. అలాంటి క్షణం కోసమే హార్నెస్‌లో ప్యారాచూట్ ఉంటుంది. ఆ మేరకు బాబాయి మాట ఒప్పే.

అపోహ: ఖరీదైన కొత్త రెక్క కొంటే చాలు.

కొన్నాక ప్రతి అల్యూమినియం బాటెన్‌నూ (గుడ్డకు వంపు ఇచ్చే కడ్డీని) తయారీదారు ఇచ్చిన కాగితపు నమూనాపై పెట్టి, వంపు సరిచూడాలి. కుడి ఎడమల్లో తేడా వస్తే రెక్క ఒక పక్కకు లాగుతుంది. వరండాలో నేను ఈ పని చేస్తుంటే చూసిన పక్కింటాయన నన్ను వడ్రంగి అనుకున్నాడు. అది మాత్రం పూర్తి అపోహ కాదు.