కాన్వెంటు వాకిట్లోకి లూర్దుమాత ఎలా వచ్చింది

బెంగళూరులో అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు: "ఆ కాన్వెంటు మంచిదే గానీ, లోపల అన్నీ విగ్రహాలేనటగా, పిల్లల చేత దండాలు పెట్టిస్తారా?" ఈసారి అడిగినాయన ఇంట్లో ఫ్రిజ్ మీద గుణదల మాత ఫొటో ఉంది. నవ్వొచ్చింది గానీ, ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు.

ఆ విగ్రహాలు మొదట్లో మన పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టినవి కావు. గుడ్ షెపర్డ్ సిస్టర్లు ఈ ఊరికి 1854లో వచ్చారు. ఫ్రెంచి ఫాదర్లు సెయింట్ జోసెఫ్స్ బడిని 1858లో మొదలుపెట్టారు. అప్పట్లో అక్కడ చదివింది ఎక్కువగా యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలే. పైగా కాన్వెంటంటే సిస్టర్లు ఉండే ఇల్లు కూడా. మనకు పెరట్లో తులసికోట ఉన్నట్టే వాళ్ల వాకిట్లో మరియమ్మ.

అదే 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పేదపిల్ల తనకు మరియమ్మ కనిపించిందని చెప్పింది. ఆ గుహలో 1864లో ఫాబిష్ అనే శిల్పి చెక్కిన పాలరాతి విగ్రహం పెట్టారు. తెల్లబట్టలు, నీలం నడికట్టు, జపమాల, ఒక్కో పాదం మీద ఒక బంగారు గులాబీ. చూసిన పిల్లకేమో ఆ శిల్పం నచ్చలేదు, లోకానికి మాత్రం అదే మూస అయింది. రాళ్లు పేర్చి సిమెంటు పూసిన గుహ, అందులో ఆ తల్లి: మన కాన్వెంట్లలో కనిపించేది ఆ నకలే. గుణదలలో 1924లో విగ్రహం పెట్టిన ఫాదర్ ఆర్లాటి కూడా అక్కడి అనాథ పిల్లల ఆశ్రమం నడిపినాయనే. ఇప్పుడక్కడ తలనీలాలిచ్చేవాళ్లలో హిందువులూ ఉంటారు.

క్రైస్తవులంతా ఇంతే అనుకోకండి. ఇది కేథలిక్కుల పద్ధతి. ప్రొటెస్టెంట్లయిన గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు విగ్రహాల జోలికే పోరు.

కాలక్రమంలో బడి అందరిదీ అయింది, వాకిలి మాత్రం అలాగే ఉంది. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు సొంత బడి నడుపుకునే హక్కు ఇచ్చింది. సర్కారు గుర్తింపో సాయమో ఉన్న బడిలో మతబోధకు, ప్రార్థనకు పిల్లల్ని రమ్మనాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 28(3) చెప్పింది. అంటే విగ్రహం ఉండొచ్చు, బలవంతాన దండం పెట్టించకూడదు. నన్నడిగితే ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గొడవలు.

2024 ఫిబ్రవరిలో గువాహటిలో ఒక సంఘం క్రైస్తవ బళ్లలో విగ్రహాలు తీసేయాలని గడువు పెట్టింది. ఏప్రిల్ మొదట్లో కేథలిక్ బిషప్పుల సమాఖ్య తన బళ్లకు సూచనలిచ్చింది: ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దు, రోజూ రాజ్యాంగ పీఠిక చదివించండి, అన్ని మతాలవాళ్లకూ ఒక ప్రార్థన గది పెట్టండి అని. అదే నెల మంచిర్యాల జిల్లాలో పిల్లలు హనుమాన్ దీక్ష బట్టల్లో బడికి రావడం మీద గొడవ ముదిరి, మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్లు పడ్డాయి.

మా పక్కింటి చిత్తూరు వాళ్ల పాపకు ఇవేవీ పట్టవు. లెక్కల పరీక్ష రోజు గుహ దగ్గర ఆగి, పాదం మీది గులాబీని తాకి వెళ్తుంది. సిస్టర్లు చెప్పింది కాదు, సీనియర్లు నేర్పింది. అందరి చేతులూ తగిలీ తగిలీ కుడిపాదం గులాబీకి రంగు పోయింది. ఎడమది చెయ్యి అందదట.