చర్చి మరమ్మతులకు డబ్బు ఎక్కడిది? సిక్కోలు, విజయనగరం సంఘాల్లో వినిపించే అపోహలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చర్చిల మరమ్మతులకు ఎస్టిమేట్లు వేయడం, దరఖాస్తు ఫైళ్లు కూర్చడం నా పని. బాప్టిస్టు సంఘమైనా, కథోలిక విచారణ (పారిష్) అయినా, ఇండిపెండెంట్ మందిరమైనా పెద్దలు మొదట అడిగేది ఒకటే: “ఏటి బాబూ, ఎక్కడైనా ఫండొస్తాదా?” ముందు కాగితాలు చూపించండి అంటే మాత్రం మొహాలు చిన్నబోతాయి.

అపోహ: దరఖాస్తు పడేస్తే గవర్నమెంటు ఇస్తుంది.

రాష్ట్ర క్రైస్తవ మైనారిటీల ఆర్థిక సంస్థ ద్వారా చర్చిల నిర్మాణానికి, మరమ్మతులకు గ్రాంటు ఇచ్చే పథకం ఉన్నమాట నిజమే. వాకబు చేయాల్సింది జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో. నిధులు విడుదలైతేనే ఫైలు కదులుతుంది, కదిలినా స్థలం దగ్గర ఆగుతుంది. మన పల్లెల్లో మొదటి అయ్యగారు (పాస్టరు) తన ఇంటి స్థలంలోనే పాక వేశారు. పాక రేకుల షెడ్డయింది, షెడ్డు స్లాబయింది, కాగితం మాత్రం ఆయన పేరు మీదే ఉండిపోయింది. బీరువా తీయమంటే బయటికొచ్చేది ప్రభువు సన్నిధికి ఎప్పుడో వెళ్లిపోయిన ఆ అయ్యగారి పేర కరెంటు బిల్లు, మడతల దగ్గర చిరిగిన ఇంటి పన్ను రసీదు. ఆయన పిల్లల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు భువనేశ్వర్‌లో. ఇక ఆ స్థలం డి-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి అయితే, అలాంటిది చేతులు మారకుండా కట్టడి చేసే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డు రావచ్చు.

అందుకని వారసులందరూ మాట మీద ఉన్నప్పుడే సంఘం పేర దానపత్రం రిజిస్టర్ చేయించుకోండి. 2001 సొసైటీల చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించి, సంఘం పేర పాన్, బ్యాంకు ఖాతా తీసుకోండి. ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి. దశమభాగాలూ బిల్డింగు ఫండూ అయ్యగారి సొంత ఖాతాలో కలగలిసిపోతే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా లెక్క చూపలేరు.

అన్నట్టు, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ, సీతంపేట సంఘాలకు ఇప్పుడు జిల్లా కార్యాలయం పార్వతీపురంలో, రాజాం వాళ్లకు విజయనగరంలో. అలవాటుగా శ్రీకాకుళం బస్సెక్కకండి.

అపోహ: పాస్టరుగారికి ప్రభుత్వ గౌరవ వేతనం వస్తోందిగా, దాంతో చేయించొచ్చు.

అది మనిషికి ఇచ్చేది. కట్టడానికీ దానికీ సంబంధం లేదు.

అపోహ: ఎంపీ గారి నిధుల నుంచి ప్రహరీ కట్టించుకోవచ్చు.

ఎంపీ ల్యాడ్స్ మార్గదర్శకాల్లో ప్రార్థనా స్థలాల్లో పనులు, మత సంస్థలకు చెందిన భూమిలో పనులు నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. గేటు బయట పంచాయతీ రోడ్డు, కాలువ అడగండి, అవి వేరు. ఎన్నికల ముందు ఎవరు ఏ హామీ ఇచ్చినా ఈ నిబంధన మారదు.

అపోహ: విదేశాల్లో ఉన్నవాళ్లు పంపేదంతా విదేశీ నిధే, ముట్టుకుంటే కేసు.

సగం నిజం, సగం భయం. కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేసే మన కుర్రాడు భారత పాస్‌పోర్టుతోనే ఉండి, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే వస్తుంది, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. అప్పుడు సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. సొమ్ము ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ అలా తెచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. “పెద్ద మినిస్ట్రీ వాళ్లు తెచ్చి మనకు పంచుతారు” అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

అపోహ: చర్చికిచ్చిన ప్రతి రూపాయికీ దాతకు ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు ఉంటుంది.

మామూలు సంఘానికి ఉండదు. మరమ్మతుల చందాలకు మినహాయింపు ఉన్నది కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాలకే. లేని 80జీ పేరు చెప్పి రసీదులు కొట్టించకండి.

అపోహ: పాత గోడకు సిమెంటు పూత వేస్తే మరో యాభై ఏళ్లు ఢోకా లేదు.

వచ్చిన కాస్త డబ్బూ వృథా అయ్యేది ఇక్కడే. టెక్కలి, బొబ్బిలి, పాలకొండ ప్రాంతాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ కాలపు కట్టడాల్లాంటి పాత గోడలు సున్నంతో కట్టినవి. చెమ్మను పీల్చి బయటికి వదలడం వాటి స్వభావం. పైన సిమెంటు పూసేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, ఇటుక ఉప్పు పట్టి పిండిలా రాలుతుంది. సుత్తి పిడితో గోడను తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చినచోట పూత గోడను వదిలేసినట్టే. అంతవరకు తీసేసి మళ్లీ సున్నంతోనే పూయించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమే, అయినా వెతకండి. గోడ సంగతి ఇలా ఉండగా కొత్త గోపురానికి ఎస్టిమేట్ వేయమనే కమిటీలకు నేను ముందు గోడ ఎస్టిమేట్ మాత్రమే ఇస్తాను.

అపోహ: తుపానుకు పోతే నష్టపరిహారం వస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో చూశాం. విపత్తు సహాయ నిబంధనల్లో ఇళ్లు, పంటలు, పశువులు, పడవలు ఉంటాయి గానీ ప్రార్థనా మందిరం పద్దు ఉండదు. చేయాల్సింది బీమా. తుపాను, వరద కూడా వర్తించే అగ్ని బీమా పాలసీ చర్చి కట్టడానికి తీసుకోవచ్చు. అందులో కట్టడం విలువ ఉన్నంతా చూపాలి. తక్కువ చూపితే క్లెయిమ్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. పాలసీ ఎవరి పేర రాయాలని ఏజెంటు అడిగితే మళ్లీ ఆ దానపత్రమే కావాలి.