పార్సిల్ బర్గర్ ఎందుకు మెత్తబడుతుంది?

హన్మకొండలో కొన్న చికెన్ బర్గర్ అక్కడే తింటే కరకరలాడుతుంది. కాజీపేటలో ఇంటికి తెచ్చి డబ్బా తెరిచేసరికి ప్యాటీ పైపొర ఊడి, బన్ను అడుగు తడిసి ఉంటుంది. పాతది కట్టిస్తున్నారా అని ఒక పాఠకురాలి అనుమానం. కాదు. వేడివేడిగా కట్టివ్వడం వల్లే ఇలా జరుగుతుంది.

ముందు సకినాల సంగతి చూద్దాం. నూనెలో వేగుతున్నప్పుడు నీరు ఆవిరైపోయి, బియ్యప్పిండిలోని స్టార్చ్ గాజులా బిగుసుకుంటుంది. అణువులు కదల్లేవు కాబట్టి కొరికితే ఫట్టున విరుగుతుంది. గాలిలోని తేమ లోపలికి చేరిందంటే ఆ అణువులకు కదలిక వస్తుంది, గాజు కాస్తా రబ్బరు అవుతుంది. అందుకే సకినాల డబ్బాకు మూత బిగిస్తాం. బర్గర్ డబ్బాకూ ఇదే సూత్రం, ఫలితం మాత్రం తలకిందులు. సకినాల డబ్బాలో ఉన్నదంతా పొడిదే, తేమ బయట ఉంటుంది. బర్గర్ డబ్బాలో తేమ లోపలే ఉంది, మూత దాన్ని బయటికి పోనివ్వదు.

ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి నీరు పోతుందని బడిలో చెప్పి వదిలేస్తారు. ఇక్కడ చూడాల్సింది ఎంత నీరుందని కాదు, ఆ నీరు ఎంత స్వేచ్ఛగా ఉందని. దీన్ని 0 నుంచి 1 దాకా కొలుస్తారు. స్వచ్ఛమైన నీటికి 1. మాంసం, టమాటా, లెట్యూస్ 0.99 దగ్గర, బన్ను 0.95 దగ్గర ఉంటాయి. 175 డిగ్రీల నూనెలో ఆరిన పైపొర వీటన్నిటికన్నా చాలా దిగువన ఉంటుంది. అన్నీ ఒక అంకెకు వచ్చేదాకా నీరు నడుస్తూనే ఉంటుంది.

ఆవిరి ఈ పనిని ఇంకా తొందర చేస్తుంది. 60 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి సుమారు 130 గ్రాముల ఆవిరిని పట్టగలదు, 30 డిగ్రీల దగ్గర 30 గ్రాములే. ప్యాటీ ఆవిరి వదులుతూనే ఉంటుంది, చల్లటి మూత దాన్ని నీటిబొట్లుగా మార్చి కిందికి దించుతూనే ఉంటుంది.

మయొనేజ్ బన్నును కాపాడుతుందని చాలామంది నమ్మకం. నూనె ఎక్కువే, కానీ అది నీటిలో తేలే నూనె బిందువుల మిశ్రమం. బన్నుకు తగిలేది ముందు నీరే. వెన్న దీనికి వ్యతిరేకం, అందులో కొవ్వే పరచుకుని నీటిని బిందువులుగా బంధిస్తుంది. కాబట్టి బన్నుకు వెన్న రాయాలి, మయొనేజ్ లెట్యూస్ మీద వేయాలి.

1967లో పెన్సిల్వేనియాలోని యూనియన్‌టౌన్‌లో జిమ్ డెలిగాటీ మొదలుపెట్టిన మెక్‌డొనాల్డ్స్ బర్గర్ బిగ్ మ్యాక్‌లో మధ్యన మూడో బన్ను ముక్క ఉంటుంది. రెండు ప్యాటీలు జారిపోకుండా పట్టి ఉంచడం దాని పని. మెత్తటి బీఫ్ ప్యాటీకి అది బాగానే ఉంది. కరకరలాడే చికెన్‌కు మాత్రం ప్రతి బన్ను ముక్కా తడిని పీల్చి పట్టుకునే ఇంకో పొరే.

ఏళ్లు గడిచినా కుళ్లని బర్గర్ వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, రసాయనాలు కలిపారని ప్రచారం. పలుచటి ప్యాటీ పొడిగాలిలో త్వరగా ఎండిపోతే బూజుకు కావలసిన స్వేచ్ఛా జలం మిగలదు. అదే బర్గర్‌ను తడిపి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచితే బూజు పడుతుంది.

పైపొర కరకర కోసమే డబ్బు పెడుతున్నట్టయితే అక్కడే తినండి. పార్సిల్ తప్పదంటే డబ్బా మూత కొంచెం తెరిచి ఉంచమనండి, సాస్ విడిగా అడగండి. ఇంట్లో మళ్లీ వేడి చేయాలంటే మైక్రోవేవ్ వద్దు. అది లోపలి నీటిని మరిగించి ఆవిరిని పైపొరలోకే తోస్తుంది. విడదీసి లెట్యూస్, టమాటా పక్కన పెట్టండి. పొడి పెనం మీద, మూత పెట్టకుండా, ప్యాటీని సన్నటి మంటపై ఒక్కోవైపు మూడు, నాలుగు నిమిషాలు ఉంచండి. బన్నును కోసిన వైపు కిందికి పెట్టి నిమిషం కాల్చండి. ప్యాటీని జాలీ మీద రెండు నిమిషాలు ఆరనివ్వండి. పళ్లెంలో పెడితే అడుగున ఆవిరి చేరి మళ్లీ మెత్తబడుతుంది.